తుపాకి కర్ర మీద తేలు

ఈ వ్యవహారానికంతటికీ మూలకారణం ఒక వేలి కణుపు. ఆ వేలు ఒక పెద్దమనిషిది. ఆయన ఏదో ప్రారంభోత్సవానికి మా జిల్లాకు వచ్చారు. భోజనానికి ఇంకా వ్యవధి ఉన్నదని తెలిసి సైనిక స్మారక ప్రదర్శనశాలలోకి నడిచారు. వరుసగా నిలబెట్టిన పాత తుపాకుల ముందు ఆగి, వాటిలో ఒకదాని కర్ర మీద వేలి కణుపుతో, సంతలో కొబ్బరికాయ బేరం చేసేవారు కొట్టినట్టు కొట్టారు. అది బోలుగా మోగింది. "ఇది ప్లాస్టిక్కా?" అని అడిగి, సమాధానం వినకుండానే భోజనానికి వెళ్లిపోయారు.

ఆయన అడిగింది ఒక ప్రశ్న మాత్రమే. అయితే పెద్దవారి ప్రశ్నను ప్రశ్నగా స్వీకరించే ఆచారం కార్యాలయాల్లో లేదు. మధ్యాహ్నానికి అది అసంతృప్తిగా మారింది. సాయంత్రానికి ఆదేశమైంది. మర్నాడు కార్యాలయం తెరిచేసరికి పురాతన తుపాకి కర్రల గుర్తింపు, పునరుద్ధరణ, ప్రామాణికీకరణ సంఘమై కూర్చుంది. రెజిన్ల రసాయనశాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక నన్ను అందులో అనధికార సభ్యురాలిగా నియమించారు.

మొదటి సమావేశంలో నేను చెప్పినదాని సారాంశం ఇది. తుపాకిలో ఇనుము కాక మిగిలిన భాగం, అంటే సైనికుడు భుజానికి ఆనించేదీ, చెంప మోపేదీ, ఎడమచేత్తో కిందినుంచి పట్టుకునేదీ, అంతా ఒకటే ముక్క. దాన్ని తుపాకి కర్ర అంటారు. పూర్వం నిజంగా కర్రతోనే చేసేవారు. తడి కొండల్లో కర్ర నీరు తాగి ఉబ్బుతుంది. ఉబ్బితే గొట్టాన్ని పక్కకు నెడుతుంది. నెడితే గురి తప్పుతుంది. గురి తప్పితే సైనికుడు ఇంటికి తిరిగి రాకపోవచ్చు. అందుచేత గాజునూలు బట్టను పొరలుపొరలుగా రెజిన్‌లో తడిపి, అచ్చులో వేడిచేసి నొక్కి ఈ ఫైబర్‌గ్లాస్ కర్రలు తయారు చేశారు. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. లోపలివైపు రంగు వేయరు కనుక గాజునూలు నేత కంటికి కనిపిస్తుంది. పాతబడిన రెజిన్ తేనెరంగుకు తిరుగుతుంది. బయటి రంగు చెంప ఆనిన చోటా, అరచేయి పట్టిన చోటా అరిగిపోతుంది. ఏ కర్ర ఎలాంటి చేతుల్లో ఎంతకాలం బతికిందో దాని ఒళ్లే చెబుతుంది.

ప్రదర్శనశాల సంచాలకులు వేమవరపు కోదండపాణి గారు శ్రద్ధగా విని, "అంటే ప్లాస్టిక్కేనన్నమాట," అన్నారు.

ఆ తరువాత ఆయన ఒక నిర్వచనం చదివి వినిపించారు. "పునరుద్ధరణ అనగా ఒక వస్తువును, అది కర్మాగారపు గడప దాటిన క్షణమందలి స్థితికి తిరిగి చేర్చుట."

"మరి గడప దాటిన తరువాత దానికి జరిగినదంతా ఏమవుతుంది?" అని అడిగాను.

"తరువాత జరిగేది వాడకం, మేడమ్. వాడకం అంటే అరుగుదల. అరుగుదల అంటే నష్టం. నష్టాన్ని ప్రదర్శనకు పెడితే శాఖ ప్రతిష్ఠ ఏం కావాలి?"

సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. నా అసమ్మతిని ఏకగ్రీవంలో భాగంగానే నమోదు చేశారు.

కర్రల పరిశీలన మొదలైన వారంలోనే కిల్లి సన్యాసమ్మ వచ్చింది. నావంటి వయసే. చేతిలో స్టీలు క్యారియరు, భుజాన తడి ఆరని గొడుగు. గుమ్మం దగ్గర అటెండరు పోలినాయుడు ఆపితే, అతని భుజం మీదుగా నన్ను చూసి పిలిచింది.

"టీచరమ్మా! మా ఇంటాయన తుపాకీ మీ కాడున్నాదంట. ఆయన పల్టన్లో మనిసే సూసొచ్చి సెప్పినాడు. ఓపాలి సూసెల్దామని ఒచ్చినాను."

ఆమె భర్త నాయక్ కిల్లి తవిటయ్య సరిహద్దు కొండల్లో మంచుచరియ కింద కూరుకుపోయాడు. వెతకగా తుపాకి దొరికింది, మనిషి దొరకలేదు. తుపాకి పల్టనుకూ, పల్టను నుంచి డిపోకూ, డిపో మూతపడ్డాక మిగతా వాటితో కలిసి మా ప్రదర్శనశాలకూ వచ్చింది.

"ఇంటికేటీ రానేదమ్మా," అంది సన్యాసమ్మ. "మనిసి పోతే బూడిదైనా గుమ్మంలోకి ఒత్తాది. నాకు తంతి కాయితమొక్కటే ఒచ్చింది. ఆయన సెయ్యేసిందేటో ఒకటి గుమ్మంలోకి రావాల గదా?"

కోదండపాణి గారు దయగల మనిషే. ఆయన దయ కూడా సరైన మార్గం ద్వారానే ప్రయాణిస్తుంది, అంతే తేడా. "చూడమ్మా, ఇక్కడున్నవన్నీ ఒకే నమూనా. ఫలానాది మీ ఆయనదని శాఖ ఏ ప్రాతిపదికన నిర్ధారించాలి?" అన్నారు.

ఆమె గొడుగు కింద పెట్టి కుడిచేతి జాకెట్టు మోచేతి పైకి లాగింది. లోపలివైపు ఒక తేలు పచ్చబొట్టు. తోక చివర వరుసగా మూడు చుక్కలు, నాలుగో చుక్క ఉండవలసిన చోట మణికట్టు వైపు జారిపోయిన ఒక గీత.

"సిన్నప్పుడు పొడిపించినారు బాబూ. మూడు సుక్కల దాకా ఓర్సుకున్నాను. నాలుగోది పెట్టబోతే సెయ్యి లాగీసినాను. గీతైపోయింది. ఆయన సెలవుకొచ్చినప్పుడల్లా దీన్ని సూసి నవ్వీవోడు. తుపాకీ మీద అచ్చం ఇదే గీసుకున్నాడంట. 'నీ తేలు నా సెంప కాడే ఉంటాదే, ఎప్పుడైనా కుడితే పూచీ నీదే' అనీవోడు."

ఆమె వరుస వెంట నడుస్తూ ఒక్కొక్క కర్ర పక్కనా తన ముంజేయి పెట్టి చూసుకుంటూ వెళ్లింది. నేను టార్చి పట్టుకుని వెంట నడిచాను. చివరిదానికి ముందున్న కర్ర దగ్గర ఆగింది. చెంప ఆనే చోట రంగు పూర్తిగా పోయి, తేనెరంగు రెజిన్ గాజులా నునుపుదేలి ఉంది. దాని పక్కనే తేలు. మూడు చుక్కలు, ఒక గీత. మేకులాంటి పదునైన వస్తువుతో, తొందర లేకుండా గీసిన చిత్రం. జారిన గీతను కూడా జారినట్టే ఓపికగా గీశాడు.

ఆమె చెయ్యి చాపింది.

"ముట్టకూడదు మామ్మా," అన్నాడు పోలినాయుడు, తనకే ఇష్టం లేని గొంతుతో.

"గుర్తింపు ప్రక్రియ పునరుద్ధరణ అనంతరం చేపట్టబడుతుంది," అన్నారు సంచాలకులు. "మురికితో ఉన్న స్థితిలో గుర్తించడం అశాస్త్రీయం."

"పునరుద్ధరిస్తే ఈ గీతలు పోతాయి కదండీ?" అన్నాను.

"పోతేనే కదా మేడమ్ పునరుద్ధరణ! కంపెనీలోంచి వచ్చినప్పుడు ఇవి లేవు, వాడకం వల్ల వచ్చినవే."

సన్యాసమ్మ మా ఇద్దరి ముఖాల వంకా చూసి, "అయితే నాను తరవాతొచ్చి దేన్ని గుర్తుపట్టాల?" అని అడిగింది. ఈ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదని ఆమెకు తెలియజేశారు.

ఆ సాయంత్రం నేను ఆ కర్రకు ఒక చీటీ కట్టాను. "రెజిన్ పరీక్ష పెండింగ్" అని రాసి సంతకం చేశాను. రెజిన్లకు ఎండ, వాన, ఉప్పుగాలి తట్టుకునే గుణం ఉన్నదని జీవితమంతా బోధించాను గాని, పెండింగ్ అన్న మాటకున్న రక్షణశక్తి ఏ రెజిన్‌కూ లేదు. దాని జోలికి ఎవరూ రాలేదు.

మిగిలిన కర్రలకు పునరుద్ధరణ జరిగింది. పాత రంగు కరిగించి తీశారు. గాట్లలో కొత్త రెజిన్ పోసి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ రంగు కొట్టారు. రుద్దేచోటు సంచాలకుల గది కిటికీ కిందనే. గాజునూలు పొడి చర్మం మీద పడితే దురద పుడుతుందని నేను ముందే చెప్పాను. అది సాంకేతిక అంశమని పక్కన పెట్టారు. కొద్దిరోజుల్లో కార్యాలయమంతా గోక్కోవడం మొదలుపెట్టింది. ఫైళ్లు తెరిచినవారికి దురద, మూసినవారికి దురద. "కార్యాలయ వేళల్లో సిబ్బంది బహిరంగంగా గోకుకొనరాదు" అని ఒక సర్క్యులర్ వెలువడింది. దాన్ని చదివి సంతకం చేసినవారందరికీ వేళ్లు దురద పెట్టాయి.

పని పూర్తయ్యాక కర్రలు నిగనిగలాడుతూ నిలబడ్డాయి. ఆ పెద్దమనిషిని మళ్లీ పిలిచారు. ఆయన మళ్లీ కణుపుతో కొట్టారు. మళ్లీ బోలుగా మోగింది. "కొత్తవి కొన్నారా? పాతవేమయ్యాయి?" అని అడిగి వెళ్లిపోయారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"మన పునరుద్ధరణ అతి సమర్థవంతంగా జరిగింది," అన్నారు కోదండపాణి గారు, విచారంగా. "కావున ఇప్పుడు మనం పురాతనత్వాన్ని తిరిగి ప్రవేశపెట్టాలి. అయితే శాస్త్రీయంగా. ఎవరికి తోచినట్టు వారు గీసిన గీతలు కాక, ప్రామాణిక గీతలు."

అలా ప్రామాణిక అరుగుదల పట్టిక రూపొందింది. మొదటి తరగతి గీత గోరంత, రెండో తరగతి గీత వేలంత. మూడో తరగతిది యుద్ధగీత. అది ఏటవాలుగా ఉండాలి. ఏ గీతా నైరుతి ముఖంగా ఉండరాదని ఒక సభ్యుడు సూచిస్తే ఆమోదించారు. తుపాకిని తిప్పితే దిక్కు మారుతుంది కదా అని అడిగాను. అందుచేత తుపాకులను గోడకు మేకులతో బిగించారు.

గీతలు తేలికగానే పడ్డాయి. సమస్య చెంప దగ్గర వచ్చింది. కొత్త రంగు ఒక మనిషి చెంప రాసుకున్నట్టు అరగాలంటే గరుకు కాగితం పనికిరాదని గుత్తేదారు నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ ఫలితంగా మరో ఆదేశం వచ్చింది. సిబ్బంది అంతా ప్రతిరోజూ విధులు ప్రారంభించే ముందు తమకు కేటాయించిన కర్రకు కుడిచెంప ఆనించి నిర్ణీత సమయం రాయవలెను. తుపాకులు గోడకు బిగించి ఉన్నాయి కనుక చెంపే కదలాలి. పొద్దున వచ్చిన సందర్శకులకు గుమస్తాలూ టైపిస్టులూ ఖజానా పద్దుల ఆయనా గోడ వెంట వరుసగా వంగి, కళ్లు మూసుకుని, చెంపలు ఆడిస్తూ కనిపించేవారు. ఒకాయన ఏదో పూజ జరుగుతోందనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు.

"ఏటి మామ్మా, మళ్లీ ఒచ్చీసినావు?" అన్నాడు పోలినాయుడు. సన్యాసమ్మ మా ఊరి సంతకు వచ్చినప్పుడల్లా ప్రదర్శనశాలకు వచ్చేది. అతని కుడిచెంప కందిపోయి ఉంది.

"నా తుపాకీకి ఎలాగున్నాదని," అందామె, ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు. "నీ సెంపకేటైంది నాయనా?"

"ఉద్యోగం మామ్మా."

"పెళ్లాం కొట్టిందనుకున్నాను."

"అదైతే సెలవిత్తారు."

చీటీ కట్టిన కర్ర అలాగే ఉన్నదని చూపించాను. ఆమె దూరం నుంచే చూసి, క్యారియరు విప్పి నాకు ఉప్పుచేపల పులుసు పెట్టి, తిన్నాక వెళ్లిపోయింది.

ఒకరోజు ఒక విలేకరి ఆమె చేతినీ ఆ కర్రనూ పక్కపక్కన ఫోటో తీసి పత్రికలో వేశాడు. ఫలితం మీరు ఊహించగలిగిందే. జనం బస్సుల్లో వచ్చారు. వచ్చినవారంతా తేలు ఉన్న కర్ర ముందే నిలబడ్డారు. సిబ్బంది చెంపలు రాసి తయారుచేసిన వరుస వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

మరొక సంస్థ అయితే సంతోషించేది. మా సంఘం దీన్ని 'సందర్శకుల ప్రవాహంలో అసమతౌల్యం'గా గుర్తించింది.

"ఒక కర్రకు ఉన్న సౌకర్యం మరొక కర్రకు లేకపోవడం వివక్ష," అన్నారు కోదండపాణి గారు. "అన్నింటికీ తేలు మంజూరు చేద్దాం."

సన్యాసమ్మను కబురుచేసి పిలిపించారు. ఆమె ఆశగా వచ్చింది. బల్ల మీద చెయ్యి పెట్టించి, పల్చని కాగితం పరిచి, డ్రాఫ్ట్స్‌మన్ తేలును నకలు తీసుకున్నాడు. అతను చదువుకున్న, శుభ్రత తెలిసిన మనిషి. జారిన గీతను చూసి నొచ్చుకుని దాని స్థానంలో చక్కని నాలుగో చుక్క పెట్టాడు.

"అది తప్పు కాదు, అదే గుర్తు," అన్నాను.

"లోపాన్ని ప్రామాణికం చేయలేం కదండీ," అన్నాడతను మర్యాదగా.

"ఇప్పుడిత్తారా బాబూ?" అంది సన్యాసమ్మ, చెయ్యి తుడుచుకుంటూ.

"ప్రస్తుతానికి మీ సహకారం నమోదు చేయబడింది," అన్నారు సంచాలకులు.

రేకు మీద ఆ నమూనా కత్తిరించి, చీటీ కట్టినది తప్ప గోడకున్న కర్రలన్నింటి మీదా తేలు దింపారు. వరుసనిండా తేళ్లు, నాలుగేసి చుక్కలు. కింద రాగిరేకు మీద 'ఒక వీరుని ప్రేమ' అన్న అక్షరాలు, ప్రతి తుపాకి కిందా విడివిడిగా. అంతమంది వీరులు ఒకే ఆడమనిషిని ప్రేమించారా అని ఒక పల్లెటూరి ముసలాయన పోలినాయుణ్ణి చాటుగా అడిగాడు.

ఇక తనిఖీ అధికారి రావడమే మిగిలింది. రాజధాని నుంచి వచ్చాడు. చేతిలో మేము పంపిన రేకు. దాన్ని ఒక్కొక్క కర్ర మీదా ఆనించి, సరిపోయిందని తల ఊపుతూ వెళ్లాడు. చీటీ కట్టిన కర్ర దగ్గర ఆగాడు. రేకు సరిపోలేదు. తోక వంకర. చుక్క లేదు, గీత ఉంది. చెంప దగ్గరి అరుగుదల పట్టికలోని పరిమితిని మించింది. రెండు గీతలు నైరుతి ముఖంగా ఉన్నాయి.

"ఇది నకిలీ," అన్నాడు.

కోదండపాణి గారి ముఖం పాలిపోయింది. నేను లేచి నిలబడ్డాను. అచ్చు సంఖ్య చూపించాను. లోపలి నేత, తేనెరంగు రెజిన్ చూపించాను. ఈ గదిలో ఒక సైనికుడి చెంప వల్ల అరిగిన కర్ర ఇదొక్కటేననీ, మిగిలినవన్నీ దీనికి నకళ్లనీ చెప్పాను.

"ప్రామాణిక నమూనాతో సరిపోలనిది అసలు ఎలా అవుతుంది మేడమ్?" అని అడిగాడు తనిఖీ అధికారి. అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు.

జవాబు నోటిదాకా వచ్చింది. ఆ క్షణంలో నా చూపు గుమ్మం వైపు వెళ్లింది. అక్కడ సన్యాసమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. కారణకార్యాలను వరుసగా పేర్చి చూడటం నా జీవితాంతపు అలవాటు. ఈ వరుస ఎటు పోతున్నదో అప్పుడు కనిపించింది. అసలైనదైతే అది ప్రభుత్వ ఆస్తి, ఎన్నటికీ గోడ దిగదు. నకిలీ అయితే?

"మీరన్నది నిజమే," అన్నాను. "సరిపోలడం లేదు."

సంఘంలో నా మొదటి సమ్మతి అది. కోదండపాణి గారు కృతజ్ఞతతో నా వైపు చూశారు.

మిగిలినదంతా నిబంధనలే నడిపించాయి. నకిలీ వస్తువు ప్రదర్శనశాలలో ఉండరాదు. ఇనుప భాగాలు విప్పి కొత్త కర్రకు బిగించాలి. ఇనుము లేని కర్ర ఆయుధం కాదు కనుక ఆయుధాల గదిలో ఉంచరాదు. నకిలీని వేలం వేస్తే ప్రభుత్వమే మోసం చేసినట్టవుతుంది. తగలబెడితే విషపు పొగ వస్తుందని నేను రాతపూర్వకంగా ఇచ్చాను. అది నిజమే కూడా. చివరకు ఒక్కటే దారి మిగిలింది. కోరిన పౌరులకు ఇచ్చివేయవచ్చు.

ఒక పౌరురాలు కోరింది. దరఖాస్తు నేనే రాశాను.

"దేనికోసరమని రాయాలి?" అని అడిగాను.

"గుమ్మంలోకి రావడానికని రాయమ్మా."

నేను 'గృహావసరం' అని రాశాను.

పోలినాయుడు ఆ కర్రను రెండు చేతులా తెచ్చి ఆమెకు అందించాడు. ఈసారి ముట్టకూడదని ఎవరూ అనలేదు. ఆమె ముందు తేలును వేలితో వెతుక్కుంది. దొరికాక, పక్కనే నునుపుదేలిన చోట అరచేయి ఆనించి కాసేపు అలా ఉండిపోయింది. పోలినాయుడు తన చెంప తడుముకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

కోదండపాణి గారు ఆమెను గేటుదాకా సాగనంపారు. అది ఆయన మంచితనం. అక్కడ ఆగి, కాస్త మొహమాటంగా, "అమ్మా, ఒక్క మాట. మీ చేతి మీద ఉన్నది కూడా ప్రామాణిక నమూనాతో సరిపోలడం లేదు. చూసినవాళ్లు అనుమానపడతారు. మీకు అభ్యంతరం లేకపోతే ఆ నాలుగో చుక్క శాఖాపరంగా సరిచేయిస్తాం," అన్నారు.

సన్యాసమ్మ తన చేతి వంక చూసుకుంది. "ఇది కంపినీలోంచి ఇలాగే ఒచ్చింది బాబూ," అంది. "వాడకం వల్ల పాడైంది కాదు."

ఆయన ఆ సమాధానాన్ని ఆలోచిస్తూ లోపలికి వెళ్లారు.

బస్టాండు దాకా నేను ఆమెతో వెళ్లాను. ఆమె తెచ్చుకున్న పాత చీరలో కర్రను చుట్టింది. చెంప దగ్గరి భాగం మాత్రం బయటికి ఉంచింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, దాన్ని ఒళ్లో నిలువుగా పెట్టుకుంది. కండక్టరు వచ్చి, "ఏటి మామ్మా అది? తుపాకీలాగున్నాది. అసలుదేటి?" అని అడిగాడు.

ఆమె కొంగుముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి, ముద్ర కనిపించేలా అతని ముఖం ముందు పెట్టింది.

"కాదు నాయనా, నకిలీది," అంది, బస్సులో అందరికీ వినపడేలా. "గవర్నమెంటోళ్లు రాసిచ్చినారు."